భూమిలో ఇరుక్కున్న సొమ్ము: నష్టం తర్వాత ఏం చేయాలి?

మన కుటుంబాల్లో నాలుగు డబ్బులు మిగిలితే అవి ముందుగా చేరేది భూమిలోకే. బ్యాంకులో వేస్తే వడ్డీ సమస్య. షేర్ల వ్యవహారం చాలామందికి తెలియదు. బంగారం ఇంట్లో పెట్టుకుంటే దొంగల భయం. అందుకే గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ము గానీ, పదవీ విరమణ నాడు చేతికందిన సొమ్ము గానీ, ఆడపిల్ల నికాహ్ కోసం కూడబెట్టిన సొమ్ము గానీ ఊరి చివర ఒక ప్లాటుగానో, ఇంకా పునాది పడని భవనంలో ఒక ఫ్లాటుగానో మారుతుంది. ఎవరిని అడిగినా "భూమి ఎక్కడికీ పోదు కదా" అంటారు.

భూమి ఎక్కడికీ పోదన్నది నిజమే. కానీ దాని ధర పోవచ్చు. దానిపై మన హక్కు పోవచ్చు. అసలు ఆ భూమి మనకు అమ్మినవాడిదే కాకపోవచ్చు. ఈ మూడూ నష్టాలే. అయితే మూడూ ఒకటి కావు, మూడింటికీ మందు ఒకటి కాదు. నష్టపోయిన కుటుంబాలు రెండోసారి దెబ్బతినేది తరచుగా ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే. ఫిర్యాదు చేయవలసినవారు ఓపిక పడుతూ కూర్చుంటారు. ఓపిక పట్టవలసినవారు కంగారుగా తెగనమ్ముకుంటారు. ఇక జరిగినదాన్ని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా దాచుకోవడం ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

గత పదేళ్లలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగిన మూడు ఉదంతాలను తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది.

అమరావతి: ధర పడిన కథ

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. అప్పటికే 29 గ్రామాల పరిధిలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణ కింద ప్రభుత్వానికి అప్పగించారు. వారికి తిరిగి కేటాయించిన ప్లాట్లను కొనడానికి గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి కుటుంబాలతో పాటు విదేశాల్లో ఉన్న తెలుగువారు కూడా ముందుకొచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినిపించింది. అంతటితో కొనుగోళ్లు స్తంభించాయి. ధరలు పడిపోయాయి. 2022 మార్చిలో హైకోర్టు రాజధాని నిర్మాణాన్ని కొనసాగించాలని తీర్పు చెప్పినా మార్కెట్ కోలుకోలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాకనే కదలిక వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2025 మే 2న ప్రధానమంత్రి పనులను పునఃప్రారంభించారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ నాలుగైదేళ్లలో ప్లాటు కాగితాలు మారలేదు, హద్దులు మారలేదు, యజమాని మారలేదు. మారింది ధర మాత్రమే. సొంత సొమ్ముతో కొన్నవారికి ఆగే వీలుంది. అప్పు తెచ్చి కొన్నవారికి ఆ వీలు లేదు.

ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. ఒక కుటుంబం 10 లక్షల రూపాయలు నూటికి రెండు రూపాయల చొప్పున తెచ్చి ప్లాటు కొన్నదనుకుందాం. ఏడాదికి వడ్డీ 2 లక్షల 40 వేలు. ఐదేళ్లకు 12 లక్షలు. అంటే ఐదేళ్ల తర్వాత ఆ ప్లాటు 22 లక్షలు పలికితేనే ఆ కుటుంబం మొదలుపెట్టిన చోటికి చేరుతుంది. ధర ఎక్కడిదక్కడే నిలిచినా వారికి 12 లక్షల నష్టమే. వడ్డీ హరామ్ అన్న మాట అలా ఉంచి కేవలం లెక్క ప్రకారం చూసినా, అప్పు మీద నిలిచిన భూమి ఆస్తి కాదు, ప్రతి నెలా ఇంటి నుంచి తినే నోరు.

కాబట్టి ధర పడినప్పుడు మొదటి ప్రశ్న "ధర ఎప్పుడు పెరుగుతుంది?" అన్నది కాదు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. 2024 ఎన్నికల ఫలితం మరోలా వచ్చి ఉంటే అమరావతిలో ఆగినవారి కథ మరోలా ఉండేది. హైదరాబాదులోనే 2009 నుంచి 2014 వరకు రాష్ట్ర విభజన అనిశ్చితి నడిచినన్నాళ్లూ మార్కెట్ మందకొడిగా సాగింది. దుబాయిలో 2008 చివర పడిన ఇళ్ల ధరలు సగానికి సగం పోగొట్టుకున్నాయి. మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఆగడానికి మనకు నెలకెంత ఖర్చవుతోంది?" అన్నది. ఖర్చేమీ లేకపోతే, ఆ సొమ్ముతో తక్షణ అవసరం లేకపోతే ఆగవచ్చు. వడ్డీ కడుతూ ఆగుతున్నట్టయితే నష్టానికైనా అమ్మి అప్పు తీర్చడమే మేలు. కొంత భాగమో, ఉన్న రెండు ప్లాట్లలో ఒకటో అమ్మి అప్పు వదిలించుకుంటే మిగిలినదానితో నిదానంగా నిలబడవచ్చు.

మరో ప్రమాదం గురించి కూడా హెచ్చరించాలి. ధర సగానికి పడిందంటే, మళ్లీ మునుపటి స్థాయికి రావడానికి అది రెట్టింపు కావాలి. ఈ లెక్క తెలియక "ఇప్పుడు చవకగా ఉంది, పక్క ప్లాటు కూడా కొంటే సరిపోతుంది" అని కొందరు మరింత అప్పులో దిగుతారు. ఇది నష్టం పూడ్చుకోవడం కాదు, గోతిని ఇంకా లోతుగా తవ్వుకోవడం. ఇప్పుడు అదే డబ్బు చేతిలో ఉంటే, పాత ప్లాటు సంగతి మరిచి, ఈ ధరకు దీన్ని కొంటామా? కొనమని మనసు చెబితే పట్టుకు వేళ్లాడటంలో అర్థం లేదు.

నష్టానికి అమ్మినవారు ఆదాయపు పన్ను రిటర్ను గడువులోపు దాఖలు చేయడం మరువరాదు. రెండేళ్లకు మించి మన పేరున ఉన్న స్థలాన్ని నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు, తర్వాత వచ్చే ఇలాంటి దీర్ఘకాలిక లాభాలకు ఎదురు చూపించుకునే వీలు చట్టంలో ఉంది. గడువు దాటితే ఆ వీలు పోతుంది.

చెరువు గర్భంలో ఇల్లు: హక్కు లోపించిన కథ

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం హైడ్రా సంస్థను ఏర్పాటు చేసింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ పరిధిలోని కట్టడాలను కూల్చింది. మల్లంపేటలో కత్వ చెరువు పరిధిలో విల్లాలు నేలమట్టమయ్యాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు. ఆ హద్దు నుంచి పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల వరకు కట్టడాలు పనికిరావు. ఇలాంటి చోట్ల కొన్నవారు "రిజిస్ట్రేషన్ అయింది కదా, బ్యాంకు అప్పు ఇచ్చింది కదా" అని వాపోవడం సహజం. కానీ రిజిస్ట్రేషన్ అనేది అమ్మకం జరిగిందనడానికి సాక్ష్యం మాత్రమే. అమ్మినవాడికి లేని హక్కును అది పుట్టించలేదు.

ఇలాంటి లోపాల్లో సరిదిద్దుకోగలిగేవి కొన్ని, ససేమిరా సరికానివి కొన్ని. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవారికి క్రమబద్ధీకరణ దారి ఉండవచ్చు. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఎల్ఆర్ఎస్‌కు పిలిస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే ఇలాంటి ప్లాట్లు ఎన్నున్నాయో ఊహించవచ్చు. చెరువు గర్భం, ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి సంగతి వేరు. ఇవి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలోకి వస్తాయి. వాటిని ఏదో ఒక రోజు క్రమబద్ధీకరిస్తారన్న ఆశతో కాలం గడపడం వృథా. ముఖ్యంగా వక్ఫ్ భూమి విషయంలో మనవాళ్లే కొనుగోలుదారులు, మనవాళ్లే దళారులు కావడం మరీ శోచనీయం.

జీపీఏ కాగితంతో, నోటరీ కాగితంతో కొన్నవారి పరిస్థితి మరొకటి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలు యాజమాన్య హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే స్పష్టం చేసింది. అమ్మినవాడు బతికుండగానే, సంబంధాలు సజావుగా ఉండగానే పక్కా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆయన పోయాక వారసులందరి సంతకాలు సేకరించడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

హక్కులో లోపం బయటపడ్డాక చేయవలసింది అమ్మినవాడి వైపు తిరగడం. అమ్మకపు దస్తావేజులో తగాదా వస్తే తానే బాధ్యుడినని అమ్మినవాడు రాసిచ్చే షరతు సాధారణంగా ఉంటుంది. అది అలంకారానికి రాసింది కాదు. షరతు లేకపోయినా, మరోలా రాసుకోనంతవరకు అమ్మినవాడు తనకు హక్కుందని హామీ ఇచ్చినట్టేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. బిల్డరు నుంచి కొన్నవారికి 2016 రెరా చట్టం ఇంకో బలం ఇచ్చింది. భూమి హక్కులో లోపం వల్ల కలిగిన నష్టానికి బిల్డరు పరిహారం చెల్లించాలి. ఆ పరిహారానికి కాలపరిమితి అడ్డు రాదు.

ప్రీ లాంచ్: మోసానికి గురైన కథ

మూడో ఉదంతం అమీన్‌పూర్‌కు సంబంధించినది. సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ అక్కడ ఎత్తయిన భవనాలు కడతామని, అనుమతులు రాకముందే తక్కువ ధరకు ఫ్లాట్లు ఇస్తామని పెద్ద సంఖ్యలో కొనుగోలుదారుల నుంచి సొమ్ము వసూలు చేసిందన్నది ఆరోపణ. ఫ్లాట్లు రాలేదు. 2022 డిసెంబరులో ఆ సంస్థ అధినేతను హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2024 సెప్టెంబరులో ఈడీ కూడా అరెస్టు చేసింది.

ఒక్క సంస్థతో ఆగిన వ్యవహారం కాదిది. "ప్రీ లాంచ్ ఆఫర్" అన్న మాటే చట్టవిరుద్ధానికి పెట్టిన అందమైన పేరు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ చేపట్టే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించరాదు, అమ్మరాదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఈ మూడు నిబంధనలు తెలిసిన ఇల్లు ప్రీ లాంచ్ వలలో పడటం కష్టం.

ఇది కొత్త విషయం కూడా కాదు. మదీనాలో చెట్టు మీది పండ్లను పక్వానికి రాకముందే అమ్మడం ఉండేది. తెగులు వచ్చి పంట పోతే కొన్నవారూ అమ్మినవారూ తగాదాపడి దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చేవారు. పండు పక్వమయ్యేదాకా అమ్మవద్దని ఆయన (స) వారించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని కూడా నిషేధించారు. అనుమతి రాని స్థలంలో, కట్టని భవనంలో, పదో అంతస్తు ఫ్లాటు కొనడం పూత రాని చెట్టు మీది పండును కొనడం కాదా?

సరే, మోసం జరిగిపోయింది. ఇప్పుడు చేయవలసిందేమిటి? ఇక్కడ ఓపిక సుగుణం కాదు. మోసం చేసినవాడి ఆస్తులు రోజురోజుకూ చేతులు మారుతుంటాయి. కాలపరిమితులూ నడుస్తుంటాయి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. సివిల్ దావాకు మోసం తెలిసిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్లు. "వచ్చే నెల ఇస్తా" అన్న మాట నమ్మి పన్నెండు నెలలు, ఇరవై నాలుగు నెలలు వెళ్లదీసినవారు ఈ గడువులనే పోగొట్టుకుంటారు.

మొదట కాగితాలు ఒకచోట చేర్చాలి. రసీదులు, చెక్కుల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బ్రోచర్లు, ఫోన్‌లో వచ్చిన సందేశాలు అన్నీ పనికొస్తాయి. నగదు ఇచ్చి రసీదు తీసుకోనివారు కూడా నిరాశ చెందనవసరం లేదు. ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన మొత్తం, ఏజెంటు పంపిన సందేశం, పక్కన ఉన్న సాక్షి, ఇవి కలిస్తే ఒక ఆధారమే. ఆ తర్వాత రెరాకు ఫిర్యాదు. నమోదు కాని ప్రాజెక్టు అన్న కారణంతో ఫిర్యాదు మానేయనక్కరలేదు. నమోదు చేయకపోవడమే బిల్డరు చేసిన తప్పు. మోసంపై పోలీసు కేసు వేరే. డిపాజిటర్ల రక్షణకు ఉన్న 1999 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తే నిందితుల ఆస్తుల జప్తుకు వీలుంటుంది. సంస్థ దివాలా కోర్టుకు వెళితే, ప్రకటించిన గడువులో మన క్లెయిమ్ దాఖలు చేయాలి. పత్రికలో వచ్చిన చిన్న ప్రకటన చూడక ఆ జాబితాలో పేరు లేకుండా పోయినవారు ఎందరో.

ఇవన్నీ చేసినా సొమ్ము రేపే వస్తుందని మేము చెప్పడం లేదు. రెరా ఉత్తర్వు వచ్చాక కూడా బిల్డరు చెల్లించకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి. దానికి కాలం పడుతుంది. కొంతే రావచ్చు. అందుచేత రాబోయే సొమ్మును నమ్ముకుని ఇప్పుడే కొత్త ఖర్చు పెట్టుకోరాదు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదన్నట్టు ఇంటి బండి నడవాలి.

రెరా వాపసు ఉత్తర్వుల్లో వడ్డీ కూడా ఉంటుంది కదా, తీసుకోవచ్చా అని కొందరికి సంకోచం. ఆ అదనపు మొత్తం విషయంలో తమ ప్రాంత ఉలమాలను సంప్రదించాలి. కానీ అసలు మొత్తం నిస్సందేహంగా మన హక్కు. వడ్డీ సందేహంతో ఫిర్యాదే మానేయడం మోసగాడికి బహుమతి ఇవ్వడమే.

ఇంటి లోపలి లెక్క

ఇంటి లోపల జరగవలసిన పని కూడా ఉంది. ప్లాటు కొనేటప్పుడు భార్య నగలు అమ్మి ఉంటారు. ఆమె మహర్ సొమ్ము కూడా అందులో కలిసి ఉంటుంది. షరీఅత్ ప్రకారం అది ఆమె ఆస్తి. ఇష్టపూర్వకంగా దానమిస్తే తప్ప అది భర్త మీద అప్పే. నష్టం వచ్చాక బయటి అప్పులన్నీ జాబితా రాసుకునే పురుషులు ఈ అప్పును మాత్రం రాసుకోరు. రాసుకోవాలి. తమ్ముడి వాటా, తల్లి ఇచ్చిన సొమ్ము, బావమరిది గల్ఫ్ నుంచి పంపింది, ఎవరిది ఎంతో పేరు పేరునా కాగితం మీద పెట్టాలి. అప్పు వ్యవహారాన్ని సాక్షులతో రాసుకోవాలన్న ఆదేశమే దివ్యఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, అల్‌బఖరా సూరా 282. ఇంట్లోవాళ్ల మధ్య రాత ఎందుకన్న మొహమాటం తర్వాత తరంలో అన్నదమ్ముల తగాదాగా మారుతుంది.

జకాత్ విషయంలో కూడా ఒక సందేహం తరచుగా వస్తుంటుంది. అమ్మకం ఉద్దేశంతో కొన్న ప్లాటు మీద మార్కెట్ ధర ప్రకారం జకాత్ ఉంటుంది. ధర పడితే పడిన ధరే లెక్క, కొన్న ధర కాదు. ఇక తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా మోసగాడి చేతిలో చిక్కిన సొమ్మును హనఫీ ఫిఖహ్‌లో 'మాలె జిమార్' అంటారు. అది చేతికి రానంతకాలం గడిచిన సంవత్సరాల జకాత్ దానిపై లేదు. నష్టపోయినవారు అదనపు భారం ఊహించుకుని కుమిలిపోనవసరం లేదు.

అన్నిటికంటే ముఖ్యం మౌనాన్ని వీడటం. మోసపోయినవాడు సిగ్గుపడతాడు, మోసగించినవాడు జుమా నమాజులో మొదటి సఫ్‌లో నిలబడతాడు. ఇదెక్కడి న్యాయం? మన వ్యవహారాల్లో దళారి సాధారణంగా పరాయివాడు కాడు. బంధువో, స్నేహితుడో, అదే మస్జిద్‌లో నమాజు చేసేవాడో అయి ఉంటాడు. "మనవాడే కదా" అన్న నమ్మకంతో కాగితం అడగం. "మనవాడే కదా" అన్న మొహమాటంతో ఫిర్యాదూ చేయం. ఈ మౌనంలోనే అతడు మరో పది ఇళ్ల తలుపు తడతాడు. ఒక బాధితుడు నోరు విప్పితే పదిమంది బాధితులు ఒకచోట చేరతారు. కలిసి ఒక న్యాయవాదిని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, కేసుకు బలం పెరుగుతుంది.

సంఘం బాధ్యత

దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి పండ్ల వ్యాపారంలో నష్టపోయి అప్పుల పాలయ్యాడు. అతనికి సదఖా ఇవ్వమని ఆయన (స) ప్రజలను కోరారు. ప్రజలు ఇచ్చారు. అయినా అప్పు పూర్తిగా తీరలేదు. అప్పుడు ఆయన (స) ఋణదాతలతో, దొరికినంత తీసుకోండి, అంతకు మించి మీకు లేదని చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసులో నష్టపోయినవాడిని ఎవరూ అవహేళన చేయలేదు. సంఘం తన వంతు ఇచ్చింది, ఋణదాతలు తమ వంతు సర్దుకున్నారు. అదంతా సాధ్యపడింది అతని పరిస్థితి అందరికీ తెలిసింది గనుకనే.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల భారంతో కుంగినవారు ఒక వర్గం. మన బైతుల్‌మాల్‌లు పేదలకు బట్టలు, రేషను పంచుతున్నాయి, సంతోషమే. కానీ ఉన్న ఇల్లు వడ్డీవ్యాపారికి రాసిచ్చే స్థితికి వచ్చిన మధ్యతరగతి కుటుంబం అడగడానికి సిగ్గుపడుతుంది. వారిని మనమే వెతికి పలకరించాలి. మస్జిద్ కమిటీలు నెలకొక ఆదివారం ఒక న్యాయవాదిని, రిజిస్ట్రేషన్ వ్యవహారాలు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగిని కూర్చోబెట్టి, కొనబోయేవారి కాగితాలు చూపించే ఏర్పాటు చేస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ఈసీ, లింకు దస్తావేజులు, 22-ఏ జాబితా, చెరువు హద్దు, రెరా నంబరు చూడటానికి ఒక పూట చాలు.

నష్టపోయిన సోదరులకు మా మనవి ఇది. ముందు మీ నష్టం ఏ కోవకు చెందిందో తేల్చుకోండి. ధర పడిందా, హక్కు లోపించిందా, మోసం జరిగిందా? ధరైతే అప్పు తీర్చి ఆగండి. హక్కైతే అమ్మినవాడిని పట్టుకోండి. మోసమైతే ఈ వారమే ఫిర్యాదు చేయండి. ఏదైనా సరే, ఈ రోజు ఇంటికి వెళ్లి ఇంట్లోవాళ్లతో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పండి. పోయిన సొమ్ము తిరిగి రావడం అల్లాహ్ చేతిలో ఉంది. దాని వెంట ఇల్లు, ఆరోగ్యం, అన్నదమ్ముల బంధం కూడా పోకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.